ఓరుగంటి మట్టికోట

శంషాబాదు విమానాశ్రయమునకు రాత్రివేళ పోయి చూచినచో, బారులు తీరి నిలిచినవారిలో మన తల్లులు అనేకులు కనబడుదురు. అమెరికాలో నున్న కూతురికి పురుడు పోయుటకో, మనుమని మొదటి పుట్టినదినము చూచుటకో, ఆవకాయయు కారప్పొడులును మూటగట్టుకొని బయలుదేరుచుందురు. అచ్చటికి చేరిన పిమ్మట సెలవుదినములందు పిల్లలు వారిని కారులో గూర్చుండబెట్టి వింతలు చూపుటకు కొనిపోవుట వాడుక. అట్లు చూడదగిన వింతలలో జార్జియా రాష్ట్రమున ఒక మట్టిదిబ్బ కలదు. దానిపేరు మెకాలిస్టరు కోట.

మట్టిదిబ్బను చూచుటకు సముద్రములు దాటి పోవలెనా యని మన పాఠకురాండ్రు నవ్వవచ్చును. కాని ఆ దిబ్బ కథ విన్నచో మన యింటిచెంతనే యున్న మఱియొక మట్టిదిబ్బపై ఆదరము కలుగును. కావున మొదట దానినే చెప్పెదము.

1861వ సంవత్సరమున అమెరికాలో అంతర్యుద్ధము పుట్టినది. దక్షిణ రాష్ట్రములు వేరుపడగా, ఉత్తర ప్రభుత్వపు ఓడలు వారి రేవులను దిగ్బంధము చేసెను. సవన్నా రేవునకు కాపుగా పులాస్కి కోట యుండెను. దానిని సుమారు 2 కోట్ల 50 లక్షల ఇటుకలతో పదునెనిమిది సంవత్సరములు కట్టిరి. గోడల మందము ఏడున్నర అడుగులు. దానిని ఛేదించు ఫిరంగి లేదని ఆనాటి పండితులందఱు నమ్మియుండిరి. 1862 ఏప్రిల్ నెలలో క్రొత్తరకపు ఫిరంగులు వచ్చి ముప్పది గంటలలో ఆ గోడకు గండి కొట్టగా, లోనివారు తెల్లజెండా నెత్తిరి.

అక్కడికి కొంత దూరములోనే ఒగీచీ నది యొడ్డున మట్టితో పోసిన మెకాలిస్టరు కోట యున్నది. ఇసుకయు మట్టియు త్రవ్వి గుట్టగా పోసి, పైన గడ్డి మొలపించిన కట్ట అది. దాని మీదికి ఉత్తరపు ఓడలు పలుమాఱులు వచ్చెను. 1863 మార్చి 3వ తేదీన ఇనుప కవచములుగల మూడు ఓడలు వచ్చి చాలగంటలసేపు గుండ్లు కురిపించెను. ఆ గుండ్లలో 15 అంగుళముల అడ్డుకొలత గలవియు నుండెను. గుండు వచ్చి తగిలినపుడెల్ల మన్ను లేచి మరల పడెను; గుండు లోపలనే కూరుకొనిపోయెను. రాత్రి కాగానే లోనివారు పారలతో గోతులను పూడ్చివేసిరి. తెల్లవారునప్పటికి కోట మరల యథాప్రకారముగా నుండెను. కడకు 1864 డిసెంబరు 13వ తేదీన సేనాపతి షెర్మను దండు నేలమీదుగా వచ్చి పైబడి, పావుగంటలో దానిని పట్టుకొనెను. ఓడలకు లొంగని ఆ కట్ట, తక్కువ మందితో కాపాడబడుచుండుట చేత, మనుష్యుల వెల్లువకు లొంగినది.

ఆ దక్షిణదేశమున అట్టి కట్టలను పోయుటకు బానిసలుగా నున్న నల్లజాతివారిచేత బలవంతముగా పనిచేయించుకొనిరి. ఆ మాట మరచి ఆ కోటను పొగడరాదు. ఇరువదవ శతాబ్దమున మోటారుకార్ల నిర్మాత హెన్రీ ఫోర్డు ఆ స్థలమును కొని, పాడువడిన కట్టను బాగుచేయించెను. నేడది రాష్ట్రపు చారిత్రక ఉద్యానవనము. దాని నడుమ దారులు, ప్రక్కన వివరపు పలకలు, కట్టపై నడువవలదను హెచ్చరికలు నున్నవి. మట్టియే యని వారు దానిని చులకన చేయలేదు.

ఇప్పుడు తిరిగి శంషాబాదునకు వత్తము. 2008 మార్చి నెలలో తెఱచిన ఈ విమానాశ్రయమునకై గుట్టలను చదును చేసి, పల్లములను పూడ్చి, యంత్రములతో నేల నంతయు మార్చివేసిరి. నేడు మన్ను తరలించుట యంత్రమునకు కొలది దినముల పని. అచ్చటినుండి పాతిక కిలోమీటర్ల లోపుననే గోలకొండ కలదు. గోలకొండను చూడనివారు మనలో అరుదు. ఆ రాతిప్రాకారములను, చప్పట్లకు బదులు పలుకు ద్వారమును చూచి మెచ్చుకొందుము. కాని ఆ కొండమీద మొదట నుండినది కాకతీయులనాటి మట్టికోట యనియు, 1363 ప్రాంతమున అది ముసునూరి కాపయనాయకుని వద్దనుండి బహమనీ సుల్తానునకు చేరెననియు, పిమ్మట కుతుబ్షాహీలు దానిని రాతితో కట్టిరనియు చరిత్రకారులు చెప్పుదురు. గోలకొండలో మట్టి రాతిలో కలిసిపోయినది. అది విడిగా నిలిచియున్న చోటు చూడవలెనన్న, శంషాబాదు నుండి వలయరహదారి మీదుగా ఘటకేసరు చేరి, భువనగిరి ఏకశిలను ఎడమకు చూచుకొనుచు, జనగామ, కాజీపేట దాటి ఓరుగల్లునకు పోవలెను. పూటప్రయాణము.

ఓరుగల్లు చూడబోయినవారు కోట నడుమనున్న నాలుగు కీర్తితోరణములను చూచి, స్వయంభూదేవాలయపు శిథిలములను చూచి, ఖుషుమహలును చూచి, ఛాయాచిత్రములు తీయించుకొని మరలివచ్చెదరు. ఆ తోరణము 2014లో తెలంగాణ రాష్ట్రచిహ్నమున కూడ చేరినది. కాని ఊరినుండి తోరణముల కడకు పోవు దారిలో వారొక పచ్చని కట్టను దాటుదురు. గడ్డియు పొదలును మొలచిన ఎత్తయిన దిబ్బ. బండి దాని నడుమనుండి దూసుకొనిపోవును. చెఱువుకట్ట కాబోలు ననుకొందురు. అదియే ఓరుగంటి మట్టికోట. ధూళికోట యనియు దానికి పేరు.

దానిని కట్టించినది రుద్రమదేవి యని చరిత్రకారుల మాట. ఆమె తండ్రి గణపతిదేవుడు రాజధానిని ఓరుగంటికి చేర్చి, రాతికోటను కట్టించెను. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురిని రుద్రదేవుడను పురుషనామముతో పెంచి రాజ్యమున కర్హురాలిని చేసెను. 1262 మొదలు 1289 వఱకు ఆమె తెలుగుదేశమును పాలించెను. ఆడుది సింహాసన మెక్కుట సహింపలేక దాయాదులు తిరుగబడిరని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. ఇంటిలోని పోరట్లుండగా దేవగిరి యాదవరాజు మహాదేవుడు వెలుపలినుండి దండెత్తి వచ్చెను. ఆమె రెంటిని ఎదిరించి నిలిచినది. వెనీసు వర్తకుడు మార్కోపోలో ఆమె కీర్తిని విని తన గ్రంథమున ప్రశంసించెను. అతడామెను రాజుగారి విధవ యని వ్రాయుట మాత్రము పొరపాటు; ఆమె రాజు కూతురు.

ఆమె తండ్రి కట్టించిన రాతిగోడను ఇరువది అడుగుల ఎత్తునకు పెంచినది. అంతటితో తృప్తి నొందక, దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోటను చుట్టించినది. చుట్టుకొలత లెక్కించిన ఏడున్నర కిలోమీటర్లగును. దాని వెలుపల సుమారు 150 అడుగుల వెడల్పుగల అగడ్త. దాయాదుల పోరును, పరరాజుల దండయాత్రలను చూచిన యిల్లాలు, ఉన్నగోడ చాలునని ఊరకుండక, నగర ప్రజలు నిలుచుటకు చోటుండునట్లు దూరముగా ఇంకొక గోడను తలచెను. రాతికోట రాచనగరును కాచును; మట్టికోట నగరమును కాచును.

రాతిని విడిచి మట్టినేల ఎంచుకొనిరని మనము విచారింపవచ్చును. మొదటి కారణము, మట్టి కాళ్ళక్రిందనే యున్నది. అగడ్త త్రవ్విన మన్నే గోడయగును; ఒకే పనితో రెండు రక్షణలు. రెండవ కారణము, ఆ విద్య ఆ దేశమునకు పుట్టువిద్య. కాకతీయుల నాటి పాకాల చెఱువు, రామప్ప చెఱువు, లక్నవరము, గణపురము నేటికిని పైరులకు నీళ్ళిచ్చుచున్నవి. వానకు కోసికొనిపోని కట్ట, నీటి బరువునకు విఱుగని కట్ట పోయుట వారికి తెలియును. మట్టిని పొరపొరలుగా పోసి, తడిపి, దిమ్మిసలతో అణచి, వెలుపలివైపు వాలుగా తీర్చి, గడ్డి పట్టించుట చెఱువుకట్టకును కోటకట్టకును ఒకటే పద్ధతి. మొదటిది నీటిని లోపల నిలుపును. రెండవది శత్రువును వెలుపల నిలుపును.

ఇట్టి గోడలు మనదేశమునకు అంతకు పూర్వమునుండియు తెలియును. ఆంధ్రులకు ప్రాకారములతో కూడిన ముప్పది పట్టణములున్నవని రోమను గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. నేటి పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట శాతవాహనుల కాలపు స్థలము. దాని పేరులోనే మట్టికోట దాగియున్నది.

ఇంత మట్టిని త్రవ్వినదెవరు, మోసినదెవరు? శాసనములలో రాజుల పేర్లు, సేనాపతుల పేర్లు, దానముల వివరములు కలవు. తట్టలు మోసినవారి పేర్లు లేవు. కాని మన పల్లెలలో చెఱువుల పూడిక తీయునపుడు చూచినవారికి పనితీరు తెలియును. మగవాడు గడ్డపారతో త్రవ్వును. ఆడుది తలపై కుదురు పెట్టుకొని మట్టితట్ట నెత్తుకొని గట్టుపైకి పోయి పోసి వచ్చును. చంకబిడ్డను చెట్టుక్రింద ఊయలలో వేసి పనిచేయు తల్లులను మనము చూచినవారమే. వడ్డెరలును ఉప్పరులును తరతరముల నుండి ఈ పని చేసిరి. ఏడువందల యేండ్ల క్రిందటను పని ఇట్లే జరిగియుండునని తలచుటలో తప్పులేదు. అట్లయినచో సింహాసనముపై కూర్చుండిన యొక స్త్రీ తలచిన కోటను తట్టలెత్తిన వేలకొలది స్త్రీలు పోసిరన్నమాట. మొదటి స్త్రీ పేరు మాత్రమే మనకు దక్కినది.

1289 నవంబరులో రుద్రమదేవి తన సేనాని మల్లికార్జుననాయకునితో కూడ మరణించినట్లు నల్లగొండసీమలోని చందుపట్ల శాసనము తెలుపుచున్నది. ఆమె పోసిన కట్టకు అసలు పరీక్ష తరువాతి కాలమున, మనుమడు ప్రతాపరుద్రుని యేలుబడిలో వచ్చినది.

1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అల్లాఉద్దీను సేనాపతి మాలిక్కాఫరు ఓరుగంటిని ముట్టడించెను. అతడు హనుమకొండ గుట్టపైకెక్కి కోటను పరికించి, తన దండు చుట్టును కొయ్యలతో దడి కట్టించుకొని, రాళ్ళు రువ్వు యంత్రములను నిలిపించెను. ఆ ముట్టడిని ఢిల్లీ ఆస్థానకవి అమీరు ఖుస్రో పారసీభాషలో వర్ణించెను. ఆయన శత్రుపక్షపు కవి. మన కోటను పొగడవలసిన అవసర మాయనకు లేదు. అయినను మట్టిగోడ ఉక్కు బల్లెమునకు కూడ లొంగనంత గట్టిదనియు, యంత్రములు విసరిన గుండ్లు దానిని తాకి పిల్లలాడుకొను కాయలవలె వెనుదిరిగెననియు ఆయనయే ఒప్పుకొనెను. రాయి రాతిని తాకిన బీటవారును. రాయి మట్టిని తాకిన దెబ్బను మన్ను మ్రింగును. అయిదువందల యేబది యేండ్ల తరువాత ఒగీచీ నదీతీరమున తెలిసివచ్చినది ఈ సత్యమే.

గుండ్లతో పనికాదని తెలిసికొని కాఫరు అగడ్తను మట్టితో పూడ్పించెను. మట్టిని మట్టితోనే జయింపవలసి వచ్చెను. సుమారు నెలదినముల పోరాటమున వెలుపలి కోట పోయినది. అపుడు ప్రతాపరుద్రుడు సంధి చేసికొని ఏనుగులను, గుఱ్ఱములను, ధనరాశులను కప్పముగా నొసగెను. లోపలి రాతికోట నిలిచియుండగనే ఆ సంధి జరిగెను.

ఆ పిమ్మటి కథ గృహిణులు ప్రత్యేకముగా గమనింపదగినది. 1321లో ఉలుగుఖాను వచ్చి నెలల తరబడి ముట్టడించియు జయింపలేక మరలిపోయెను. శత్రువు పోయెనన్న సంతోషమున ధాన్యపు కొట్లు తెఱచి ఉత్సవము చేసికొనిరని చరిత్రకారులు చెప్పుదురు. 1323లో అతడు తాజా సేనతో తిరిగివచ్చెను. కొట్లు నిండలేదు, యోధులు అలసియుండిరి. కోట లొంగినది. ప్రతాపరుద్రుని చెఱపట్టి ఢిల్లీకి కొనిపోవుచుండగా నర్మదాతీరమున ఆయన ప్రాణములు విడిచెను. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు పెట్టిరి. గోడలలో లోపము లేదు. గోడల వెనుక నుండవలసిన గింజలు చాలలేదు. ఇంటిని నడుపువారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

అట్టి ముట్టడులకు నిలిచిన కట్ట నేడు శత్రువు లేకయే కరగిపోవుచున్నది. కొన్నిచోట్ల కట్టను కోసి దారులు వేసిరి. కొన్నిచోట్ల ఇండ్లు కట్టపాదము వఱకును, పైవఱకును ప్రాకినవి. అగడ్త కొంతమేర పూడిపోయి చెత్తకు నెలవైనది. ఆ ఇండ్లలో నున్నవారిని నిందించుట మా యుద్దేశము కాదు. కోటలోపల తరతరములుగా కాపురమున్న కుటుంబములు కలవు. తలదాచుకొనుటకు చోటులేని పేదలును కలరు. వారిని వెడలగొట్టుటకు ముందు వేరుచోట నీడ చూపవలెను. దుర్గతి యేమనగా, చాలమందికి అది కోట యని తెలియకపోవుటయే. రాతిగోడనుండి ఒక రాయి యూడదీసినచో నలుగురు ప్రశ్నింతురు. మట్టికట్ట నుండి బండెడు మన్ను తీసికొనిపోయినచో ఎవరును తల యెత్తి చూడరు.

చట్టము లేకపోలేదు. 1958వ సంవత్సరపు ప్రాచీన స్మారకముల చట్టమును 2010లో సవరించి, కేంద్రప్రభుత్వ సంరక్షణలోని స్మారకములకు నూఱు మీటర్లలోపల క్రొత్త కట్టడములు కూడవని నిర్ణయించిరి. ఆ 2010లోనే కాకతీయుల దేవాలయములను తోరణద్వారములను ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక పట్టికలో చేర్చిరి. 2021లో రామప్ప దేవాలయమునకు ఆ గౌరవము పూర్తిగా లభించినది. ఆ వార్త విని మనమందఱము ఉప్పొంగితిమి. కాని రామప్పలోని శిలాసుందరి కున్న ఆదరణ ఓరుగంటి మన్నున కెన్నడు వచ్చును? రాతి అందము కంటికి వెంటనే తెలియును. మట్టి అందము తెలియుటకు దాని కథ తెలిసియుండవలెను.

మట్టిని గూర్చి మన స్త్రీల కొకరు నేర్పవలసినది లేదు. మన అమ్మమ్మలు మట్టిగోడల యిండ్లలో కాపురము చేసినవారు. వాన పడుటకు ముందు గోడ పగుళ్ళను పూడ్చి, ఎఱ్ఱమన్నుతో మెత్తి, పేడతో అలికి, సున్నము పూసెడివారు. ఒక యేడు అశ్రద్ధ చేసిన గోడకు చాళ్ళుపడును. రెండేండ్లు అశ్రద్ధ చేసిన మూల కూలును. ఏటేట ఆదరించిన నూఱేండ్లు నిలుచును. మట్టికోటయు నట్టిదే. వాననీరు పారిన చాలును పూడ్చుట, గడ్డిని కాపాడుట, గోడను చీల్చు వేళ్ళుగల చెట్లను చిన్నప్పుడే తీసివేయుట, అగడ్తలో చెత్త వేయకుండుట — పని యింతే. దీనికి గొప్ప ధనము కంటె ఎడతెగని శ్రద్ధ యెక్కువ కావలెను. మెకాలిస్టరు కోట నిలిచినది గుండు పడిన రాత్రియే పార పట్టుకొనినందున.

మన పాఠకురాండ్రకు మా విన్నప మొక్కటి. మీ పిల్లలతో ఓరుగల్లు పోయినపుడు తోరణములకు ముందుగా మట్టికోట యొద్ద బండి నాపించుడు. కట్టపైకి ఎక్కి త్రొక్కవలదు. నలుగురు నడిచిన బాటయే రేపటి వానకు గండి యగును. క్రింద నిలిచి, వంపు తిరిగిపోవు ఆ పచ్చని గీతను దూరము వఱకు చూపుడు. ఇది రుద్రమదేవి పోయించినదనియు, నీవంటి చిన్నవాని తల్లులు తట్టలెత్తి పోసియుందురనియు, ఢిల్లీ గుండ్లు దీనిని తాకి వెనుదిరిగెననియు చెప్పుడు. ఊరివారెవరైన కనబడిన, ఇది కోటయని వారికి తెలియునో లేదో మర్యాదగా అడిగి తెలిసికొనుడు. ఓరుగంటిలోనే కాపురమున్న సోదరీమణులు తమ వీధి బడిలో ఈ కథను పిల్లలకు చెప్పింపవచ్చును. అగడ్తలో చెత్త వేయు బండిని చూచినపుడు నగరపాలక సంస్థకు ఒక జాబు వ్రాయవచ్చును.

అటుపిమ్మట శంషాబాదులో విమానమెక్కి జార్జియా చేరినపుడు, మీ యల్లుడు మెకాలిస్టరు కోటను చూపి ఇది మట్టితో కట్టిన కోట యని వింతగా చెప్పినచో, మా యూరను ఒకటి కలదు నాయనా, దీనికంటె అయిదువందల యేండ్లు పెద్దది, ఆడుది కట్టించినది, ఇంకను నిలిచియున్నది యని చెప్పగలుగుదురు. ఆ కడపటి మాట మీ మనుమరాలును నిజముగా చెప్పగలుగునా లేదా యనునది మనము ఇప్పుడు చూపు శ్రద్ధనుబట్టి యుండును.